నాన్న వార్డుకి వచ్చేశారు, అందరికీ దణ్ణాలు

నాన్నని ఇవాళ ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. చెన్నైలో బైపాస్ బాగా జరిగింది. తమ్ముడూ, బావగారూ, మీకు థ్యాంక్స్ చెప్తే తిడతారు కాబట్టి చెప్పను.

ఒకావిడ గురించి మాత్రం రాయాలి. ఆపరేషన్‌లో కాలి నరం తీసే ఫిజీషియన్ అసిస్టెంట్. పేరు రాయొద్దన్నారు. ముందురోజు సాయంత్రం నాన్న కాలి మీద మార్కర్‌తో గీతలు గీస్తుంటే అమ్మ ఏడుపు అందుకుంది. "గుండెకి ఆపరేషనైతే కాలెందుకు కోస్తారమ్మా, ఆయన మళ్లీ నడవద్దా?" ఆవిడది తమిళం. ఇంటికెళ్లడానికి బ్యాగు తగిలించుకున్న మనిషి కుర్చీ లాక్కుని కూర్చుని, వచ్చీరాని తెలుగులో చెబుతూ మందుల బిల్లు వెనక బొమ్మ వేశారు.

చర్మం కిందున్న ఈ నరం తీసినా లోపలి పెద్ద నరాలు రక్తాన్ని పైకి పంపేస్తాయట, కొన్నాళ్లు వాపుంటుందంతే. నరంలో రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే కవాటాలుంటాయి. అందుకని ముక్కని తిరగేసి, ఒక కొస గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనికి (బృహద్ధమని), రెండోది బ్లాక్ దాటాక గుండె రక్తనాళానికి కుడతారు. పొడవు తక్కువైతే గుండె నిండినప్పుడు లాగేస్తుంది, ఎక్కువైతే మడత పడుతుంది. గుండె ముందువైపు ముఖ్యమైన నాళానికి మాత్రం ఛాతీ లోపలి ధమనిని కలుపుతారు, అది ఎక్కువ ఏళ్లు మూసుకుపోకుండా పనిచేస్తుంది. అమ్మ ఆ బిల్లుని తలకిందులు చేసి "ఇట్టాగా?" అంది.

మర్నాడు ఆవిడ తలకి టోపీ తీయకుండానే బయటికొచ్చి, "అమ్మా, నరం బాగుంది. కుట్టిన మూడు నాళాలూ బాగా పారుతున్నాయి" అన్నారు. అప్పటిదాకా బిగబట్టుకున్న నేను అక్కడే కూలబడి ఏడ్చాను. అది చెప్పడం ఆవిడ పని కాదు.

ఇన్సూరెన్స్ వాళ్ల సంగతీ చెప్పాలి. ఎప్పటివో బీపీ కాగితాలు సాయంత్రం అడిగి, క్యాష్‌లెస్ ఆపేసి, ఆపరేషన్ వాయిదా వేయించారు. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టించుకున్నప్పుడు ఏ కాగితమూ అడగలేదే!

అయ్యో, రక్తం ఇచ్చిన ఇంజనీరింగ్ పిల్లలు! వాళ్లని మర్చిపోయాను. దగ్గొస్తే దిండు ఛాతీకి హత్తుకోమని నేర్పిన ఫిజియో అబ్బాయి, ఉప్పు లేకుండా వండిపెట్టిన లాడ్జి అక్క కూడా. ఈ కాలి నరం పద్ధతిని 1967లో క్లీవ్‌లాండ్‌లో మొదలుపెట్టి ప్రచారంలోకి తెచ్చిన అర్జెంటీనా డాక్టర్ ఫవలోరో గురించి ఐసీయూ బయట ఫోన్‌లో చదివాను, ఆయనకీ ఒక దణ్ణం.

నాన్నకి ఫోన్ చేయకండి, మాట్లాడితే ఆయాసమొస్తోంది. ఆయన ఫోన్ నా దగ్గరే ఉంది.