చివర వచ్చినవాళ్లను నవ్వులపాలు చేసిన మీ కార్యక్రమం గురించి ఫిర్యాదు

కావలి,
నెల్లూరు జిల్లా.

వార్తా ఛానెల్ ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: అంతర్జాతీయ పోటీల్లో ఆఖరున వచ్చిన క్రీడాకారుల మీద ‘ఆటలో అరటిపండ్లు’ అని శీర్షిక పెట్టి మీరు ప్రసారం చేసిన కార్యక్రమం.

అయ్యా,

నేను కావలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పీఈటీని. మీ కార్యక్రమాన్ని చూడడం కంటే ముందు మా బడి గ్రౌండులో విన్నాను. ఎస్‌జీఎఫ్ (పాఠశాల క్రీడల సమాఖ్య) పోటీలకు ఎంపికలు పెడితే, 1500 మీటర్లలో ఒక రౌండు వెనకబడిన తొమ్మిదో తరగతి పిల్లను చూసి గట్టు మీది మగపిల్లలు నోటితో ఏదో కామెడీ మ్యూజిక్ అందుకున్నారు. ఎక్కడిదిరా అది అంటే మీ ఛానెల్ పేరు చెప్పారు. ఆ పిల్ల పరుగు మధ్యలోనే ఆపేసి చెప్పులు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రే మీ యూట్యూబ్‌లో మొత్తం చూశాను.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈక్వటోరియల్ గినీ ఈతగాడు ఎరిక్ ముసాంబానీకి 100 మీటర్లు ఈదడానికి 1 నిమిషం 52.72 సెకన్లు పట్టింది. ఆ అంకె తెర నిండా వేసి నవ్వులు కలిపారు. ఆ హీట్‌లో, అంటే తొలి రౌండు పోటీలో, మిగిలిన ఇద్దరూ ఫాల్స్ స్టార్ట్ చేసి (సంకేతానికి ముందే దూకి) డిస్‌క్వాలిఫై అయ్యారని, అందుకే అతను ఒక్కడే ఈదాల్సి వచ్చిందని చెప్పలేదు. ఈత మొదలుపెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ప్రాక్టీసు ఒక హోటల్లోని చిన్న కొలనులో. 50 మీటర్ల కొలను చూసిందే సిడ్నీలో. ‘ఇతన్ని లోపలికి ఎవరు రానిచ్చారో’ అన్నారు మీ యాంకరమ్మ. రానిచ్చింది నిబంధనే. వెనకబడిన దేశాల వాళ్లు కూడా దిగాలని, అర్హత టైమింగ్ లేకపోయినా పంపుకునే వీలు ఒలింపిక్ సంఘమే పెట్టింది. నాలుగేళ్లలో అతను అదే దూరాన్ని నిమిషంలోపు ఈదాడు. తర్వాత తన దేశ జట్టుకు కోచ్ అయ్యాడు. అన్నట్టు, అదే సిడ్నీ నుంచి నూరు కోట్ల మందిమి తెచ్చుకున్నది ఒకే ఒక్క కాంస్యం, అదీ కరణం మల్లీశ్వరి పుణ్యమా అని.

అంతకంటే కంబోడియా అమ్మాయి బౌ సమ్నాంగ్ విషయంలో మీరు చేసింది నాకు మింగుడుపడలేదు. 2023 మేలో నమ్‌పెన్‌లో జరిగిన ఆగ్నేయాసియా క్రీడల్లో 5000 మీటర్ల పరుగు అది. గెలిచినామె గీత దాటిన దాదాపు ఆరు నిమిషాలకు, కుండపోత వానలో, ఖాళీ ట్రాక్ మీద ఏడుస్తూ పూర్తి చేసింది. ఆమెకు రక్తహీనత ఉందని అప్పట్లో వార్తలొచ్చాయి. మీరు దానికి సినిమా వాన పాట తగిలించారు.

రక్తహీనత మాకు తెలియనిది కాదు. వారం వారం ఆడపిల్లలకు ఐరన్ మాత్రలు బడిలోనే మింగిస్తాం. మా గ్రౌండులో పట్టేది ముగ్గుపిండితో గీసుకున్న 200 మీటర్ల ట్రాకు. కార్తీకంలో తుపాను పట్టిందంటే అది నాట్లకు దున్నిన మడే. అందులో పరిగెత్తే పిల్లకు ఆ కంబోడియా అమ్మాయిని చూపించాలనుకునేవాణ్ణి నేను. మీరు ముందే చూపించేశారు.

దీన్ని సరిదిద్దే పేరుతో వెనక వయొలిన్ పెట్టి జాలి కథ చెయ్యొద్దని కూడా మనవి. అదొక రకం ఎగతాళి. వాళ్ల టైమింగ్ చెప్పండి, పరవాలేదు, ఆటలో అంకె దాచేదేమీ లేదు. దాంతోపాటు ఎక్కడ ప్రాక్టీసు చేశారో, ఏ నిబంధన కింద వచ్చారో, తర్వాత ఏమయ్యారో చెప్పండి.

ఆ వీడియోను యూట్యూబ్ నుంచి తీసేయాలని, అదే రోజున, అదే సమయానికి, పైన రాసిన వివరాలతో సవరణ ప్రసారం చేయాలని కోరుతున్నాను. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. చెప్పకపోతే మీ ఛానెల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు చేస్తాను. వీడియో కాపీ నా దగ్గర ఉంది.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు