మా పాస్‌పోర్టు నంబరుకు మీ ఫారంలో గడి లేదు

చైనా ప్రభుత్వ సాంస్కృతిక, పర్యాటక శాఖ మంత్రి గారికి,

గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి నమస్కారాలు.

మీకు తెలుగు రాదని తెలుసు. ఫర్వాలేదండీ. మీ దేశంలో పదహారు రోజులపాటు నాకు రాని భాషలో ఫారాలు నింపాను, ఫోన్లో అనువాదం యాప్ పెట్టుకుని. ఈసారి ఆ పని మీ ఆఫీసులో ఎవరైనా చేస్తారేమోనని ఆశ.

ముప్పై రెండేళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ని. ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉందని పింఛను ముసలివాళ్లను "రేపు రండి" అని తిప్పి పంపిన పాపం నాకూ ఉంది. గడిలో పట్టని మనిషి మొహం ఎలా మాడిపోతుందో అవతలి వైపు నుంచి చాలాసార్లు చూశాను. మీ దేశంలో ఆ మొహం నాదైంది.

ఐదేళ్ల తర్వాత 2025 అక్టోబరు చివర్లో మన రెండు దేశాల మధ్య నేరుగా వెళ్లే విమానాలు మళ్లీ మొదలయ్యాయి. కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి టికెట్ దొరికింది. నవంబరులో నేనూ మా ఆవిడా బయల్దేరాం. పిల్లలు అమెరికా రమ్మంటుంటే చైనా వెళ్తానన్నవాణ్ని మా వీధిలో నేనొక్కణ్నే. దానికో కారణం ఉంది. బళ్లో మాస్టారు మమ్మల్ని అమరావతి స్తూపం దగ్గరికి తీసుకెళ్లి, "ఇక్కడికి చైనా నుంచి హ్యుయాన్‌త్సాంగ్ అనే బౌద్ధ భిక్షువు వచ్చాడ్రా, దీన్ని ధాన్యకటకం అనేవాళ్లు, కొన్ని నెలలుండి చదువుకున్నాడు" అని చెప్పారు. ఆయన అంత దూరం నుంచి మా ఊళ్లవైపు వచ్చాడు గదా, ఆయన బయల్దేరిన ఊరు ఒకసారి చూసి రావాలని అప్పటినుంచీ మనసులో ఉంది.

ఇక అసలు విషయం. మీ పెద్ద నగరాల్లో ఒకదానిలో ఒక మ్యూజియం. పేరు రాయను, అక్కడి గేటు దగ్గర ఉన్న అమ్మాయి ఉద్యోగానికి ఎసరు రాకూడదు. ప్రవేశం ఉచితమే. టికెట్ కిటికీ కూడా ఉంది, కానీ షట్టర్ దించేసి దాని మీద క్యూఆర్ కోడ్ అతికించారు. స్కాన్ చేస్తే మీ వాళ్లు అన్నిటికీ వాడే వీచాట్ యాప్‌లో ఫారం వచ్చింది. మొదటి గడి పేరు. నా పేరు ఇంటిపేరుతో కలిపి పాస్‌పోర్టులో 31 అక్షరాలు. మీ గడి చైనా లిపి తప్ప ఇంకేదీ తీసుకోదు. రెండో గడి గుర్తింపు కార్డు నంబరు, 18 స్థానాలు. మా పాస్‌పోర్టుకు ఉన్నవి ఒక ఇంగ్లిష్ అక్షరం, ఏడంకెలు. మూడో గడి ఫోను. మీ నంబర్లకు 11 అంకెలు, మా వాటికి 10. ఆ ఒక్క అంకె ఎక్కణ్నుంచి తేను?

ఆ అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. విసుక్కోలేదు, తన ఫోన్ తీసింది. తన నంబరు వేస్తే ఓటీపీ వచ్చింది. పేరు గడిలో నా పేరు పలుకుబడికి దగ్గరగా ఏవో నాలుగు అక్షరాలు వేసి నవ్వింది. 18 అంకెల గడి దగ్గర మాత్రం ఎర్ర అక్షరాలు. సున్నాలు కలిపి చూసింది, మళ్లీ ఎర్ర అక్షరాలు. మూడోసారీ అంతే. వెనక లైను పెరుగుతోంది. మా ఆవిడ మెట్ల మీద చెప్పులు విప్పేసి పాదాలు ఒత్తుకుంటూ, "ఏమండీ, ఎందుకొచ్చిన గొడవ, బయట నుంచే ఫొటో దిగి పోదాం రండి" అంటోంది. నలభై నిమిషాలయ్యాక ఆ అమ్మాయి లోపలికెళ్లి ఒక పెద్దాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన చంకలో గీతల నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను. మా బ్రాంచిలో కట్టినట్టే! నా పాస్‌పోర్టు నంబరు రాసుకున్నాడు, పక్కన సంతకం పెట్టించుకున్నాడు, లోపలికి వెళ్లమని చెయ్యి చూపించాడు. అంతా అర నిమిషం.

అయ్యా, ఆ నోటుబుక్కు గురించే ఈ ఉత్తరం. అది అక్కడ ఉంది. దాన్ని వాడొచ్చని ఎవరో ఒకరు ఎప్పుడో అనుమతించారు. కానీ అది ఉందని వచ్చినవాడికి చెప్పే బోర్డు లేదు, గేటు దగ్గరి పిల్లకూ తెలియదు. షట్టర్ దించిన ఆ కిటికీ వెనక ఆ పెద్దాయన్ని కూర్చోబెడితే సరిపోయేది.

ప్రతిచోటా ఇలాగే ఉందని అనను. బీజింగ్‌లో పాత చక్రవర్తుల కోట ఫర్‌బిడెన్ సిటీ బుకింగ్‌లో పాస్‌పోర్టుకు చోటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టే టికెట్. పైగా విదేశీయుడికి వేరే రేటు లేదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 60 యువాన్లు, చలికాలంలో 40, ఎవరికైనా అంతే. మా తాజ్‌మహల్ దగ్గర మాకు 50 రూపాయలు, మీ వాళ్లకు 1100. ఆ సంగతి గుర్తొచ్చి అక్కడ కాసేపు తల దించుకున్నాను. మా రైల్వే టికెట్ల వెబ్‌సైట్‌లో ఖాతా తెరవబోయిన విదేశీయులకు ఎన్ని చుక్కలు కనిపిస్తాయో కూడా తెలుసు. కాబట్టి నీతులు చెప్పడానికి రాయడం లేదు. ఫర్‌బిడెన్ సిటీ ఫారంలో పట్టిన పాస్‌పోర్టు ఆ మ్యూజియం ఫారంలో ఎందుకు పట్టలేదన్నదే నా ప్రశ్న. 2018లో సంస్కృతినీ పర్యాటకాన్నీ కలిపి ఒకే శాఖ చేశారు. మ్యూజియాలూ మీ కిందే, మాలాంటి యాత్రికులూ మీ కిందే. మరి ఫారం ఒక్కటి కాకపోతే ఎలా?

డబ్బు సంగతికొస్తే, బ్యాంకువాణ్ని కాబట్టి ఇంటి దగ్గరే అన్నీ సరిచూసుకుని వచ్చాను. ఈ లేఖ మీకే రాస్తున్నా చదివేది ఎక్కువగా మా వాళ్లే గనక, వాళ్ల కోసం ఇక్కడ నాలుగు ముక్కలు. మన కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనం ఆన్ చేస్తే తప్ప పనిచేయవు, రిజర్వ్ బ్యాంకు 2020లో పెట్టిన నియమం అది. ముందు అది ఆన్ చేసుకోండి. అక్కడ డబ్బు చెల్లించే యాప్‌లు అలీపే, వీచాట్ రెండిటికీ వీసా గానీ మాస్టర్ కార్డు గానీ ఇక్కడే, మన సిమ్‌కి ఓటీపీ వచ్చేటప్పుడే జతచేసుకోండి. అక్కడ దిగాక చూద్దాంలే అనుకుంటే, ఓటీపీ రాక ఎయిర్‌పోర్టులోనే కూలబడతారు. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు, అంటే మన లెక్కలో సుమారు రెండున్నర వేలు, దాటితే మూడు శాతం రుసుము పడుతుంది. కూరగాయల బండి మీద కూడా క్యూఆర్ కోడే. నగదు కాదనకూడదని చైనా కేంద్ర బ్యాంకు నిబంధన ఉంది, నిజమే, కానీ వంద నోటుకు చిల్లర ఉండదు. పండ్లమ్మే ఆవిడ నా నోటు తిప్పి తిప్పి చూసి, చేతులు చూపించి, చివరికి రెండు కమలాలు ఊరికే చేతిలో పెట్టి పంపేసింది.

మంత్రి గారూ, కార్డుల విషయంలో మీ ప్రభుత్వం చేసింది తక్కువేం కాదు. 2024లో విదేశీ కార్డుతో ఒక్కసారికి చెల్లించే పరిమితిని వెయ్యి డాలర్ల నుంచి ఐదు వేలకు పెంచారు. కానీ నా సమస్య ఐదు వేల డాలర్లు కాదు, 18 యువాన్ల నూడుల్స్. హోటల్లో కూర్చుంటే మెనూ ఉండదు, బల్ల మీద కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే ఫోన్ నంబరు అడుగుతుంది. మళ్లీ ఆ పదకొండో అంకె! కాఫీ కొట్లో ఉచిత వైఫై కూడా ఆ నంబరుకే మెసేజ్ పంపుతుంది. మనిషికి ఆకలైనా, దారి తప్పినా, ముందు చైనా సిమ్ ఉందా అన్నదే ప్రశ్న.

దారి అంటే గుర్తొచ్చింది. గూగుల్, వాట్సాప్ మీ దగ్గర తెరుచుకోవు. అది మీ శాఖ పరిధిలోది కాదు, అడగను. మా వాళ్లు మాత్రం ఇక్కడి నుంచే రోమింగ్ ప్యాకో, ప్రయాణికుల ఈసిమ్మో తీసుకెళ్లాలి. వాటితో వాట్సాప్ పలుకుతుంది. గూగుల్ మ్యాపు తెరుచుకున్నా నమ్మకండి. చైనా పటాలకు చట్టప్రకారం వేరే కొలత ఉంది, అందుకని చుక్క అసలు చోటికి వందల మీటర్లు పక్కన పడుతుంది. ఒక రాత్రి మేము హోటల్ ఎదురుగా ఉన్నామని మ్యాపు చెప్పింది. ఎదురుగా ఉన్నది కాలువ.

ఆ హోటల్ కథ కూడా వినండి. పది దాటాక సామాన్లతో చేరితే, రిసెప్షన్‌లో కుర్రాడు పాస్‌పోర్టు చూసి, అనువాదం యాప్‌లో మాట్లాడి నాకు చూపించాడు: విదేశీయులను తీసుకోలేం. డబ్బు ముందే కట్టాం. అర్హత లేదనే సాకుతో విదేశీయుణ్ని తిప్పి పంపకూడదని 2024లో మీ ప్రభుత్వ శాఖలే చెప్పాయి గదా అని నేను వాదించాను. వాదన తెలుగులో మొదలై ఇంగ్లిష్‌లో ముగిసింది, అతనికి రెండూ రావు. పాపం, అతని భయం వేరు. బస చేసిన విదేశీయుడి వివరాలు పోలీసులకు పంపాలి, ఆ కంప్యూటర్‌లో పాస్‌పోర్టు ఎలా ఎక్కించాలో అతనికి ఎవరూ నేర్పలేదు. తన సొంత ఫోన్‌తో టాక్సీ పిలిచి వేరే హోటల్‌కు పంపాడు. అతని మీద కోపం లేదు. నేర్పనివాళ్ల మీద ఉంది.

తిండి గురించి క్లుప్తంగా. మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. "వో చ్ర్ సూ", అంటే నేను శాకాహారిని అన్న ఆ మూడు ముక్కలు పదహారు రోజుల్లో జపంలా చేసింది. ఆకుకూర వేపుడు వస్తుంది, చూడ్డానికి పచ్చగా ఉంటుంది, కానీ అందులో కోడి పొడి ఉంటుంది, లేదా పంది కొవ్వు, లేదా ఆల్చిప్పల సాసు. వాళ్ల దృష్టిలో ముక్క కనిపించకపోతే శాకాహారమే. షాంఘైలో గోంగ్‌దెలిన్ అని 1922 నాటి బౌద్ధ శాకాహార భోజనశాల ఉంది. అక్కడ మాత్రం మా ఆవిడ తలెత్తకుండా తిన్నది. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, కార్తీక మాసం కూడా గడిచిపోయింది. మిగతా రోజులు ఇంటి నుంచి తెచ్చుకున్న ఇన్‌స్టంట్ ఉప్మా. మీ ప్రతి రైల్లోనూ ప్రతి స్టేషన్‌లోనూ మరిగే నీళ్ల కుళాయి ఉంటుంది చూశారూ, అది పెట్టినవాళ్లు చల్లగా ఉండాలి.

పవర్‌బ్యాంకు గురించి కూడా మా వాళ్లకు చెప్పాలి. 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో మూడు సి (3C) అనే చైనా భద్రతా గుర్తు లేని పవర్‌బ్యాంకులు నిషిద్ధం. మనం ఇక్కడ కొన్నవాటికి ఆ గుర్తు ఉండటం అరుదు. సెక్యూరిటీ దగ్గర పెద్ద డబ్బా పెట్టి ఉంటుంది. నాది అందులో పడేశాను, చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. నిబంధన మంచిదే, బ్యాటరీలు కాలిపోతే విమానంలో ఎవరికి మంచిది? మీ వీసాతో పాటు చేతికిచ్చే కాగితం మీద ఈ ఒక్క ముక్క వేస్తే, ఎన్ని ఇళ్లలో పవర్‌బ్యాంకులు బతికేవో. ఫర్‌బిడెన్ సిటీ సోమవారం మూసి ఉంటుందని, టికెట్లు వారం ముందు రాత్రి 8 గంటలకు, అంటే మన సాయంత్రం ఐదున్నరకు వదులుతారని కూడా అందులోనే వేయొచ్చు. షాంఘై నాన్‌జింగ్ రోడ్డులో, బీజింగ్ వాంగ్‌ఫుజింగ్‌లో ఇంగ్లిష్ నేర్చుకుంటామంటూ వచ్చి టీ తాగుదాం పదండి అనే పిల్లలతో వెళ్తే బిల్లు వేలల్లో వస్తుందని కూడా.

చివరికి హ్యుయాన్‌త్సాంగ్ బయల్దేరిన ఊరు షియాన్ చేరాం. బీజింగ్ నుంచి సుమారు 1200 కిలోమీటర్లు, పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగాం. స్టేషన్‌లో ఆటోమేటిక్ గేటు మా పాస్‌పోర్టు చదవలేదు. కానీ పక్కనే ఒక మనిషి ఉన్నాడు, చేత్తో తీసుకుని చూసి పంపించాడు. ఒక్క మనిషి, ఒక్క కౌంటర్. మీ రైల్వేకు తెలిసిన ఈ చిన్న మర్మం మ్యూజియాలకు ఎందుకు చేరలేదు?

పెద్ద బాతు పగోడా ముందు చాలాసేపు కూర్చున్నాను. హ్యుయాన్‌త్సాంగ్ భారతదేశం నుంచి మోసుకెళ్లిన 657 గ్రంథాలు దాచడానికి 652లో కట్టింది. ఆయన బయల్దేరినప్పుడు దేశం దాటడానికి అనుమతి పత్రం లేదు. చక్రవర్తి ఆజ్ఞ కాదని, కాపలా బురుజులు తప్పించుకుంటూ రాత్రిళ్లు నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు ఖోటాన్ నుంచి చక్రవర్తికి ఉత్తరం రాసుకున్నాడు, అనుమతి లేకుండా వెళ్లాను, క్షమించండి అని. చక్రవర్తి క్షమించాడు, 645లో ఊరు ఊరంతా ఎదురెళ్లింది. పత్రాలు సరిగా లేని యాత్రికుడికి విగ్రహం కట్టి, దాని ముందు టికెట్ బుకింగ్ ఫారం పెట్టారు.

నేను అడిగేది చిన్నదే. పేరు, గుర్తింపు, ఫోను అని మూడు గడులున్న ప్రతి ఫారంలో విదేశీ పాస్‌పోర్టు అనే ఎంపిక, ఓటీపీ ఈమెయిల్‌కు రావడం, గేటు దగ్గర నోటుబుక్కుతో ఒక మనిషి. ఆ మనిషి రిటైర్డ్ ఉద్యోగి అయినా ఫర్వాలేదు. మాకు ఆ పని బాగా వచ్చు.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక యాత్రికుడు

తా.క.: మా ఆవిడ ఒక మాట రాయమంది. ఫారాలు మార్చినా మార్చకపోయినా, రైళ్లలో ఆ మరిగే నీళ్ల కుళాయి మాత్రం తీయొద్దట. దానికి కూడా క్యూఆర్ కోడ్ పెట్టొద్దట.