తాగుడు మాన్పించే మాత్ర చాటుగా పెట్టేది కాదు, మా ఊర్లోనే ఓపీ కావాల

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది ఆదోని. మా తమ్ముడు పత్తి మార్కెట్ యార్డులో హమాలీ. పొద్దంతా మూటలు మోసి సాయంత్రం క్వార్టర్ పడందే ఇంటికి వచ్చేవాడు కాదు, పదేండ్లు అట్లే గడిచిపోయినాయి. ఒకసారి అప్పు చేసి ఒక ప్రైవేట్ సెంటర్లో మూడు నెల్లు పెట్టినాం, ఆడ తలుపుకు తాళమేసి ఉంచడం తప్ప ఏం లేదు, బయటికి వచ్చిన రోజే తాగినాడు.

పోయిన ఏడాది ఎవరో మా అమ్మకు చెప్పినారు, మెడికల్ షాపులో ఒక మాత్ర దొరుకుతాది, పొడి చేసి పప్పులో కలిపితే తాగుడు దానంతటదే పోతాదని. డాక్టర్ చీటీ కూడా అడక్కుండా ఇచ్చేసినారు. మూడో రోజు వాడు తాగి వాకిట్లోకి వచ్చేసరికే మొహం ఎర్రగా కందిపోయి, చెమటలు, వాంతులు, గుండె దడ, "అక్కా, నేను చచ్చిపోతాండానే" అని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆస్పత్రిలో డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు అమ్మ ఏడ్చుకుంటా నిజం చెప్పింది.

ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ఇట్లే అయితాది. మాత్ర చెడ్డది కాదు. కానీ తాగే మనిషికి చెప్పి, వాడు సరే అన్నాక, తాగి కనీసం ఒక రోజు గడిచినాక, లివర్ గుండె చూసి డాక్టరే ఇయ్యాల. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఒంట్లో పని చేస్తాదంట. చాటుగా పెడితే ప్రాణం మీదికి వస్తాది, మా మాదిరి ఎన్ని ఇండ్లలో ఇట్ల కలుపుతాండారో తల్చుకుంటే భయమైతాది.

తర్వాత కర్నూలు పోయి సైకియాట్రీ ఓపీలో చూపిస్తే నాకు మొదటిసారి తెలిసింది, తాగుడు బుద్ధి లేక కాదు, మందులుండే జబ్బని. రోజూ గట్టిగా తాగేవాళ్లు ఒక్కసారి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు, అందుకే కొందరికి అడ్మిషన్ కావాల, మా వాడికి మాత్రం వణుకు తగ్గే మాత్రలు కొన్నాళ్లు, బీ1 విటమిన్ ఇచ్చి ఇంట్లోనే చూసుకోమన్నారు. ఇప్పుడు రోజుకొక నాల్‌ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములది ఏసుకుంటాడు, తాగాలనే గుంజుడు తగ్గింది అంటాడు. అకాంప్రోసేట్ అని ఇంకొకటుంది, దానికి కిడ్నీ టెస్ట్ చూస్తారు. ఈ రెండింటిని డబ్ల్యూహెచ్ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) 2023లో తప్పనిసరిగా ఉండాల్సిన మందుల లిస్టులో చేర్చింది. నొప్పి ఇంజెక్షన్లకు, నల్లమందుకు అలవాటు పడినవాళ్లకు నాలిక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ ఉంది. గంజాయికి మాత్రం అట్లాంటి మాత్ర లేదు, కౌన్సెలింగే.

మాత్ర ఒక్కటే చాలదు సార్. మాట్లాడే మనిషి కావాల. 14416కి, అంటే టెలిమానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే రాత్రైనా తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగుల్లో తాగి మానినవాళ్లే కూర్చోబెట్టి చెప్తారు.

ఇప్పుడు మా అమ్మ ఏదీ కలపదు. అన్నం తిన్నాక చెంబుతో నీళ్లు, మాత్ర వాడి చేతిలో పెడుతుంది, వాడే ఏసుకొని క్యాలెండర్ మీద గీత గీస్తాడు. అయిదు నెలలు అయింది. నడుమ రెండుసార్లు తాగినాడు, దాచి పెట్టలేదు, చెప్పినాడు.

కానీ నెలనెలా కర్నూలు బస్సెక్కితే ఒక రోజు కూలి పోతాది. కూలి పోతాదనే చానామంది రెండో నెలకే ఆపేస్తారు. కాబట్టి కలెక్టర్ గారిని అడిగేది ఏమంటే ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ ఆస్పత్రుల్లో వారానికి ఒక సాయంత్రం, పని దిగినాక వచ్చేటట్లు, ఈ ఓపీ పెట్టించండి, నెలకు సరిపడా మాత్రలు అక్కడే ఇప్పించండి. చీటీ లేకుండా డైసల్ఫిరామ్ అమ్మే మెడికల్ షాపుల మీద చెకింగ్ పెట్టండి. యార్డులో మా తమ్ముని జతగాళ్లు నలుగురు "ఆ మాత్ర మాకూ ఇప్పియ్‌రా" అని అడుగుతాండారు, వాళ్లను ఎక్కడికి పంపించాలో చెప్పండి సార్.

— ఒక అక్క, ఆదోని, కర్నూలు జిల్లా