రౌటర్ అమ్మేవారు వివరాలు రసీదుపై రాసివ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

మా పట్టణంలో ఇంటికి రౌటర్ (ఇంటర్నెట్‌ను ఇంట్లోని ఫోన్లకు, కంప్యూటర్లకు పంచే పరికరం) కొనడానికి వెళ్తే దుకాణంలో ముందుగా చెప్పేది యాంటెన్నాల లెక్క, ఆ తర్వాత అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే ఎంబీపీఎస్, అంటే వేగం లెక్క. పిల్లలు ఆన్‌లైన్ ఆటలు ఆడతారని చెబితే 'గేమింగ్ రౌటర్' తీసి చూపిస్తారు. కిందటి వేసవిలో నేను అలాగే నాలుగున్నర వేలు పెట్టి ఒకటి తెచ్చాను. అయినా మా అబ్బాయి ఆటలో 40 మిల్లీసెకన్ల దగ్గర ఉండాల్సిన పింగ్ (సమాచారం అవతలికి వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం), రాత్రి ఎనిమిది దాటగానే 300కు పోవడం ఆగలేదు.

లోపం ఎక్కడుందో పట్టుకున్నది ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు. వాడు బయటి ఇంటర్నెట్‌ను పక్కనపెట్టి, ముందు ల్యాప్‌టాప్ నుంచి మా ఇంటి రౌటర్ చిరునామా 192.168.1.1కే పింగ్ కొట్టి చూశాడు. రౌటర్ పక్కన కూర్చుంటే 2, 3 మిల్లీసెకన్లు వచ్చాయి. అబ్బాయి ఆడుకునే వెనక గదిలోకి పోతే ఒకసారి 5, మరోసారి 180, మధ్యలో ఒకటి రెండు అసలు తిరిగే రాలేదు. అంటే ఆలస్యం కంపెనీ లైనులో కాదు, మా ఇంటి గోడల మధ్యనే ఉంది. ఫైబర్ తీగ గుమ్మం పక్క నుంచి లోపలికి వచ్చిందని, కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు కంపెనీ ఫైబర్ డబ్బాను అక్కడే, ఇనుప బీరువా వెనుక మేకుకు తగిలించి పోయాడు. కొత్త రౌటర్‌ను కూడా నేను దాని పక్కనే పెట్టాను.

వైఫై సాధారణంగా రెండు బ్యాండ్లలో, అంటే రెండు రేడియో తరంగాల శ్రేణుల్లో నడుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, కాని అందులో ఒకదానికొకటి అడ్డుపడని చానళ్లు 1, 6, 11 అనే మూడే. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే మా రామగిరి వంటి చోట, పక్కిళ్ల రౌటర్లన్నీ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. అయితే స్లాబు, రాతిగోడ అడ్డొస్తే సిగ్నల్ త్వరగా తగ్గిపోతుంది. చివరికి మేము రౌటర్‌ను హాలు మధ్యకు, తలకు పైయెత్తులో ఉన్న అరమీదికి మార్చి, అక్కడి నుంచి అబ్బాయి కంప్యూటర్‌కు 15 మీటర్ల క్యాట్ 6 అనే నెట్‌వర్క్ తీగ లాగాము. ఆ తీగకు అయిన ఖర్చు రౌటర్ ధరలో పదో వంతు కూడా లేదు.

ఇంకొక చిక్కు మిగిలింది. ఇంట్లో ఎవరి ఫోనైనా పెళ్లి వీడియోలను పైకి పంపుతున్నప్పుడు పింగ్ మళ్లీ పెరిగేది. వరికోతల కాలంలో మిర్యాలగూడ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు, ఒక్క బస్తాతో వచ్చిన వాడైనా ఆ బారు చివరనే ఆగాలి. ఆట పంపే సమాచారం ఆ ఒక్క బస్తా వంటిది. దానికి సాధారణంగా ఒక ఎంబీపీఎస్ వేగం కూడా పట్టదు, కాని వేళకు చేరాలి. రౌటర్‌లో ఏ సమాచారం ముందు పోవాలో నిర్ణయించే క్యూఓఎస్ అనే అమరిక ఉంటే, అప్‌లోడ్‌ను లైను సామర్థ్యానికి కాస్త తక్కువగా కట్టడి చేసి ఆ బారు పేరుకోకుండా చూడవచ్చు. ఆటల కోసం కొనేవారు యాంటెన్నాల కంటే ముందు అడగవలసింది దీని గురించే అని నా అభిప్రాయం.

కంపెనీ లైనులో వచ్చే సిగ్నల్‌ను మన పరికరాలకు అర్థమయ్యేలా మార్చే మోడెం విషయంలోనూ అయోమయం ఉంది. దేవరకొండలో మా బంధువుకు ఫైబర్ కనెక్షన్ ఉందని తెలిసి కూడా, పాత టెలిఫోను లైనుకు పనికొచ్చే ఏడీఎస్ఎల్ మోడెంను అంటగట్టారు. ఫైబర్ వెలుగును సిగ్నల్‌గా మార్చే డబ్బాను సాధారణంగా కంపెనీయే ఇస్తుంది, దాని సీరియల్ నంబరు కంపెనీ దగ్గర నమోదై ఉండాలి. మనం విడిగా కొనుక్కునేది రౌటర్ మాత్రమే. ఆ డబ్బాకు రౌటర్ తీగ తగిలించే ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే, 200 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుని ఎంత ఖరీదైన రౌటర్ తగిలించినా ఆ తీగలో వచ్చేది 100 లోపే. నెలనెలా 200కు బిల్లు కడుతున్నవారికి ఈ మాట ఎవరూ చెప్పడం లేదు.

వస్తువు నాణ్యత, ప్రమాణాల గురించి తెలుసుకోవడం కొనుగోలుదారు హక్కని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. కాబట్టి దుకాణాదారులు ఆ పరికరం ఫైబర్‌కా ఫోను లైనుకా, ఒక బ్యాండుదా రెండు బ్యాండ్లదా, వైఫై 5దా కొత్త తరం 6దా, పోర్టు 100దా 1000దా అన్న నాలుగు సంగతులు రసీదు మీద తెలుగులో రాసివ్వాలని కోరుతున్నాను. కనెక్షన్ ఇచ్చే కంపెనీలు కూడా తమ మనుషుల చేతికి మరో పది మీటర్ల తీగ ఇచ్చి పంపాలి. డబ్బా ఎక్కడ పెట్టాలో ఇంటివారిని అడిగి, వెనక గదిలో ఒకసారి పింగ్ చూపించిన తర్వాతే సంతకం తీసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రామగిరి, నల్లగొండ.