పాతదైతే చాలదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఫ్రెంచి ఎర్ర వైన్ గురించి వచ్చిన వ్యాసంలో 'ఎంత పాతదైతే అంత గొప్పది' అన్న మాట చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. పాత బియ్యానికి ఎక్కువ ధర పెట్టే మనకు ఆ మాట సహజంగానే తోస్తుంది గానీ, వైన్ విషయంలో అది చాలామటుకు తప్పు. ఫ్రాన్స్‌లో తయారయ్యే ఎర్ర వైన్‌లో అత్యధిక భాగం కొద్ది ఏళ్లలో తాగేయడానికే తయారవుతుంది. దశాబ్దాల తరబడి సీసాలో ఉండి మెరుగుపడేవి ఏ కొన్నో.

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు బోర్డో నగరంలో ఉన్నవాణ్ణి కనుక అక్కడి సంగతే చెబుతాను. జిరోండ్ నదీముఖానికి ఎడమ గట్టున ఉన్న మెడాక్ ప్రాంతపు గులకరాళ్ల నేలలో ఎక్కువగా పండే కాబెర్నే సావిన్యోన్ ద్రాక్ష చిన్నది, తొక్క మందం. ఆ తొక్కలోంచి, గింజల్లోంచి, కొంత ఓక్ పీపాల్లోంచి వైన్‌లోకి దిగే పదార్థాలను టానిన్లు అంటారు. వాటిని నోటికి పరిచయం చేయడానికి ఆంగ్ల పుస్తకాలు పేజీలు ఖర్చు చేస్తాయి. ఉగాది పచ్చడిలో మామిడి పిందె కొరికినవాడికి 'వగరు' అన్న ఒక్క మాట చాలు. 225 లీటర్ల పీపాల్లో ఏడాదిన్నర, రెండేళ్లు ఉండి అప్పుడే సీసాకెక్కిన మెడాక్ వైన్ తాగితే, గుప్పెడు నేరేడు పండ్లు తిన్నట్టు నాలుక పట్టేస్తుంది. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ ఈ టానిన్లు రంగునిచ్చే పదార్థాలతోనూ, తమలో తామూ జతకట్టి, బరువెక్కి, మడ్డిగా అడుగుకు చేరతాయి. వగరు మెత్తబడుతుంది, ఎరుపు పలచబడుతుంది, పండు వాసన వెనక్కి తగ్గి వేరే వాసనలు పైకొస్తాయి. అయితే మొదట్లోనే పండు రుచి, పులుపు, వగరు మూడూ దండిగా ఉన్న వైన్‌కే ఈ యోగం. పండు రుచి తక్కువైతే, వగరు మెత్తబడేలోపే వైన్ ఎండిపోయి, పులుపు ఒక్కటే మిగులుతుంది.

2015లో మా ఇంటి యజమాని తన పుట్టినరోజుకు మెడాక్‌లోని సాంజులియన్ అనే ఊరి వైన్, 1990 నాటి సీసా ఒకటి తెరిచారు. మడ్డి అడుగుకు దిగడానికి ముందు రోజే దాన్ని నిలబెట్టి ఉంచారు. పాతికేళ్ల బిరడా సగం పొడిపొడిగా వచ్చింది. సీసా మెడ వెనక కొవ్వొత్తి వెలిగించి, చెయ్యి ఆపకుండా గాజు కూజాలోకి వంచుతూ, వెలుగులో నల్లటి గీత మెడ దాకా రాగానే ఆపేశారు. గ్లాసులో మూడో వంతుకు మించి పోయలేదు. పైన వాసనకు చోటుండాలట. గ్లాసు వంచి చూస్తే నడుమ ఎరుపు, అంచున పెంకుటింటి పెంకు రంగు. ఫ్రెంచివాళ్లు కూడా ఆ రంగును పెంకు పేరుతోనే పిలుస్తారని తెలిసి నాకు సరదా వేసింది. మొదట వాసన దాదాపు లేదు. కాసేపటికి దేవదారు చెక్క, తడిసిన ఆకులు, పాత తోలు, ఆ వెనక పొగాకు. పొగాకు బ్యారన్ల మధ్య పెరిగిన ప్రకాశం జిల్లావాణ్ణి, ఆ వాసనను నేను పొరబడను. పండు వాసన అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. గంట గడిచేసరికి అంతా మసకబారడం మొదలైంది. కుర్ర వైన్‌ను గంటల తరబడి గాలికి పెట్టవచ్చు. ఇలాంటిదానికి అంత ఓపిక ఉండదు.

బోర్డో వైన్ తోటలను శ్రేణులుగా విడగొట్టిన 1855 నాటి వర్గీకరణను వ్యాసకర్త గీటురాయిగా చూపారు. మూడో నెపోలియన్ కోరికపై పారిస్ ప్రదర్శన కోసం తయారైన ఆ జాబితాకు ఆధారం అప్పటి మార్కెట్ ధరలు. మొదటి శ్రేణిలో తర్వాత జరిగిన మార్పు ఒక్కటే: 1973లో మూటోన్ రోత్‌షీల్డ్ అనే తోటకు పదోన్నతి. ఆ జాబితాలో పేరుందంటే ప్రతి ఏడు పంటా ఒకేలా ఉంటుందని కాదు. 1991 ఏప్రిల్‌లో మంచు చిగుళ్లను కాల్చేసింది, 1992లో వానలు ద్రాక్షను నీరుకార్చాయి. ఆ ఏళ్ల వైన్లు మంచి పంటగా పేరున్న 2005 వాటికన్నా పాతవే, అయినా ఎవరూ వాటికోసం వెంపర్లాడరు.

వ్యాసంలో మరో మాట ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది: 'గది ఉష్ణోగ్రత వద్ద వడ్డించాలి'. ఆ గది ఫ్రాన్స్‌లోని పాత రాతి ఇళ్లలోది. అంటే 16 నుంచి 18 డిగ్రీలు. ఒంగోలులో మే నెల గది కాదు. ఆ వేడిలో పోస్తే సారా ఘాటు తప్ప మరేదీ ముక్కుకు తగలదు. దాచడానికి 12, 13 డిగ్రీల చల్లదనం, చీకటి కావాలి. బిరడా ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టాలి. నా మిత్రుడొకరు విదేశం నుంచి తెచ్చుకున్న మంచి సీసాను షష్టిపూర్తికి తెరుద్దామని ఆరేళ్లు వంటింటి అలమరలో నిలబెట్టి ఉంచారు. తెరిచేనాటికి బిరడా పైకి తన్నుకొచ్చి ఉంది, లోపల ఉడికిన ఎండుద్రాక్ష వాసన. 'పాతబడింది కదా, ఇలాగే ఉంటుందేమో' అని ఆయన మర్యాదగా రెండు గుక్కలు తాగారు. అది పాతబడడం కాదు, ఉడికిపోవడం.

మీ వ్యాసం చదివి ఇంకెందరు అలమరలు సర్దుకుంటున్నారో తెలియదు కనుక, కనీసం ఆ ఉష్ణోగ్రతల సవరణనైనా వచ్చే ఆదివారం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఒంగోలు