సీసం కలిసిన డికాంటర్లు ఇక మా దుకాణంలో ఉండవు

బేగంబజార్‌లోని మా గాజుసామాన్ల దుకాణంలో ఈ నెల నుంచి సీసం కలిసిన క్రిస్టల్ డికాంటర్ల (వైన్‌ను సీసాలోంచి వంచి పోసుకునే గాజు పాత్రల) అమ్మకం ఆపేస్తున్నాం. నిజానికి మాకు ఎక్కువ మిగిలేది వాటి మీదే. చేతికి బరువుగా తగిలి, చెక్కుడు గీతల్లో దీపం వెలుగు మెరుస్తుంటే కొనేవారు బేరమే ఆడరు. అయినా వద్దనుకున్నానంటే కారణం పోర్ట్ వైన్.

మామూలు వైన్ డికాంటర్‌లో పోస్తే ఆ పూటకే అయిపోతుంది. పోర్ట్ సంగతి వేరు. పులుస్తున్న ద్రాక్షరసంలో ద్రాక్ష సారాయి కలిపి చేస్తారు కనుక ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటుంది, తీపీ ఎక్కువే. భోజనమయ్యాక చిన్న గ్లాసుడు తాగి, బిరడా పెట్టి, అద్దాల బీరువాలో నెలల తరబడి అలాగే ఉంచేస్తారు. చిక్కంతా అక్కడే, గాజులోని సీసం మెల్లగా వైన్‌లోకి దిగుతుంది. ఈ రకం క్రిస్టల్‌లో లెడ్ ఆక్సైడ్, అంటే సీసపు ఆక్సైడ్, 24 శాతం, కొన్నింటిలో 30కి పైగా ఉంటుంది. 1991లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో అలాంటి డికాంటర్లలో పోర్ట్‌ను నాలుగు నెలలు ఉంచి చూశారు. మొదట లీటరుకు 89 మైక్రోగ్రాములున్న సీసం 2 వేలు దాటింది, ఒకదానిలో 5 వేలు కూడా మించింది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10.

ఒక్క సాయంత్రానికి పోసుకుని కడిగేస్తే అంత సీసం దిగదు. కానీ కొన్నవారి ఇంటికి వెళ్లి రాత్రికి ఖాళీ చేశారా అని అడగలేను కదా!

ఇంకో మాట చెబుతాను, నా గల్లాపెట్టెకు నచ్చని మాటే. పోర్ట్ తాగే చాలామందికి డికాంటర్ అవసరమే లేదు. మన దగ్గర సులువుగా దొరికే గోవా పోర్ట్ తేటగానే ఉంటుంది. చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచే టానీ రకాన్నీ వడగట్టాకే సీసాల్లో నింపుతారు. అవసరమంతా వింటేజ్ పోర్ట్‌కే. పోర్చుగల్‌లోని డోరో లోయలో తయారయ్యే ఆ రకం పీపాలో రెండేళ్లో, కాస్త అటూ ఇటో ఉండి, వడగట్టకుండానే సీసాలోకి వెళుతుంది. తర్వాత దశాబ్దాలపాటు అందులోనే మడ్డి దిగుతుంది. విదేశాల నుంచి మీ పిల్లలో, స్నేహితులో అలాంటిది తెస్తే, సీసాను ఒక రోజంతా నిలబెట్టి ఉంచండి. మెడ కింద ఫోను లైటు పెట్టుకుని, మధ్యలో ఆపకుండా నెమ్మదిగా వంచండి. మడ్డి మెడ దగ్గరికి రాగానే ఆపేయండి.

దానికి ఎలాంటి డికాంటర్? అడుగు పళ్లెంలా పరుచుకుని, మూత లేకుండా ఉండేవి ఎక్కువ ఏళ్లు నిలవ ఉంచని కొత్త ఎర్ర వైన్‌కు గాలి తగలడానికి చేసినవి. పాత పోర్ట్ వాసన అందులో తొందరగా ఎగిరిపోతుంది. ఓడల్లో ఒరగకుండా ఉండేందుకు పుట్టిన వెడల్పు అడుగు రకం బల్ల మీద అందమే, ఫ్రిజ్‌లో మాత్రం అరంతా ఆక్రమిస్తుంది. మన ఊళ్లో ఫ్రిజ్ సంగతి చూసుకోవాలి మరి. పోర్ట్ రుచి 16, 18 డిగ్రీల దగ్గర బాగుంటుంది, మే నెలలో ఇంట్లో గాలి అందుకు రెట్టింపు వేడి. అందుకే నేను చెప్పేది సన్న మెడ, గాజు బిరడా, లీటరు పట్టే సాదా గాజు డికాంటర్. 750 మిల్లీలీటర్ల సీసా మొత్తం పోసినా పైన కాస్త ఖాళీ మిగలాలి. బిరడాను దుకాణంలోనే తిప్పి చూడండి, కదిలితే వద్దు. ఒకదాని బిరడా ఇంకోదానికి సరిపోదు, తర్వాత మార్చి ఇమ్మంటే నా వల్ల కాదు.

తీపికి బిరడా అతుక్కుపోతే లాగకండి, మెడ చుట్టూ గోరువెచ్చని తడిగుడ్డ చుట్టండి. బోరు నీటి తెల్లచారలకు వెనిగర్ చాలు.

మిగిలిన క్రిస్టల్ సరుకును ‘అలంకరణకు మాత్రమే’ అని చీటీ అంటించి కొన్న ధరకే ఇస్తున్నాం. ఇదివరకు మా దగ్గర కొన్నవారు పెట్టె మీద సీసం శాతం రాసి ఉందేమో చూసుకోండి. ఉంటే డికాంటర్‌ను తీసుకురండి, సాదా గాజుది ఇస్తాం. తేడా డబ్బు వెనక్కి ఇవ్వలేను, ఆ మేరకు గ్లాసులు తీసుకోవచ్చు. ఆదివారం సెలవు.