క్యాన్సర్ సదస్సు ఫారంలో మా కాలమ్ ఏదీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది చిత్తూరు దగ్గర పల్లె. మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్ బయటపడి మూడేళ్లయింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి, ఇప్పుడు రోజుకో మాత్ర, ఆర్నెల్లకోసారి చెకప్. ఇన్నాళ్లూ ఫైలు పట్టుకుని ఆమె వెనకాల తిరిగింది నేనే కాబట్టి రాస్తున్నాను.

ఈమధ్య తిరుపతిలో ఒక హోటల్లో క్యాన్సర్ డాక్టర్ల సదస్సు ఉందని తెలిసి, మాలాంటివాళ్లు వచ్చి వినొచ్చా అని ఫోన్ చేశాను. అవతలి అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, పాపం. డాక్టరా, పీజీ స్టూడెంటా, కంపెనీ తరఫునా అని అడిగాడు. పేషెంటు భర్తనండీ అంటే కాసేపు మాట లేదు. ఫారంలో ఆ కాలమే లేదట. ఉన్నా ఆ ఫీజు కట్టడం నా వల్ల అయ్యేది కాదనుకోండి.

అక్కడికెళ్లి మీరేం చేస్తారు అంటారేమో. పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్న రోజుల్లో ఒకసారి బస్సు దిగి నాలుగడుగులు వేశాక చూస్తే మా ఆవిడ ఎడమకాలికి చెప్పు లేదు. బస్సులోనే జారిపోయింది, ఆమెకు తెలియనే లేదు, అరికాళ్లు అంతగా మొద్దుబారాయి. వార్డులో ప్రతిసారీ జ్వరం వచ్చిందా, వాంతులయ్యాయా అని అడిగేవారు, లేదనేది, అది నిజమే. చెప్పు సంగతి ఎవరూ అడగలేదు, చెప్పాలని మాకూ తోచలేదు. ఆ మందుకు నరాలు దెబ్బతింటాయని, ముందే చెప్తే డోసు తగ్గించడమో ఆపడమో చేస్తారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పటికీ జాకెట్టు హుక్కులు పెట్టుకోవాలంటే కోడల్ని పిలుస్తుంది. గడ్డ ఎంత తగ్గిందో స్కానింగ్ చెప్తుంది, ఈ హుక్కుల సంగతి మేం చెప్తే తప్ప తెలియదు కదా.

అమెరికాలో ఏటా చికాగోలో జరిగే ఆస్కో అనే క్యాన్సర్ డాక్టర్ల సంఘం సమావేశానికి పేషెంట్ల తరఫున మాట్లాడేవాళ్లను స్కాలర్‌షిప్పులిచ్చి మరీ పిలుస్తారు. అంత దూరం ఎందుకు, మన దేశంలోనే కొత్త మందుల్ని మనుషుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్స్‌కు 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఆ పరీక్షల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీలో ఒక సామాన్యుడు ఉండి తీరాలి. అక్కడ పనికొచ్చిన సామాన్యుడు సదస్సుకు ఎందుకు పనికిరాడో నాకు అర్థం కాదు.

అసలు చిక్కు డబ్బుతోనే. చికిత్సకో చెకప్‌కో వెళ్తే రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ క్యాన్సర్ పేషెంటుకు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం రాయితీ. అది చికిత్సకే, సదస్సుకు వెళ్తామంటే కుదరదు. చెన్నైకో ముంబైకో వెళ్లాలంటే టికెట్టు, రూము, తిండి, పోయిన కూలి, ఇంటిదగ్గర నా రెండు ఆవులకు పాలు పితికేవాడికి ఇచ్చేది, అన్నీ కలుపుకోవాలి. బెంగళూరా మామిడికాయల సీజనైతే ఇక చెప్పనక్కర్లేదు. ‘ముందు మీరు పెట్టుకోండి, బిల్లులు పంపితే ఇస్తాం’ అనే పద్ధతి మాకు పనికిరాదు, ఆ ముందు పెట్టే డబ్బే మా దగ్గర ఉండదు.

తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రి ఉంది, 2022 నుంచి టాటావాళ్ల క్యాన్సర్ ఆస్పత్రి కూడా ఉంది. సదస్సులు పెట్టేవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. సదస్సుకు పది సీట్లు చాలు, ఫీజు లేకుండా, దారిఖర్చు ముందే చేతికిచ్చి. అందులో సగం తోడుండేవాళ్లకు ఇవ్వండి, ఎందుకంటే కీమో నడుస్తున్నప్పుడు తెల్లకణాలు పడిపోయి పేషెంటు జనంలోకి రాకూడదు. డబ్బు మాత్రం ఏదో ఒక మందుల కంపెనీ నేరుగా ఇవ్వకూడదు, వాళ్ల టికెట్టు మీద వెళ్లి వాళ్ల మందు గురించి నోరెలా తెరుస్తాం? ఒక గంటైనా తెలుగులో మాట్లాడితే ఇంకా మేలు.

పిలిస్తే మా ఆవిడను తీసుకుని వస్తాను. ఆవుల్ని ఆ రెండు రోజులూ మా తమ్ముడు చూసుకుంటానన్నాడు.

– ఒక పేషెంటు భర్త, చిత్తూరు